రీప్లే వచ్చాక కూడా బేస్‌బాల్లో అంపైర్ల గొడవ ఎందుకు తీరలేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: క్రికెట్లో డీఆర్‌ఎస్ వచ్చి ఏళ్లయింది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్లోనూ వీడియో రీప్లే ఉంది, బంతి దారిని కొలిచే కెమెరాలూ ఉన్నాయి. అయినా వారానికో అంపైర్ నిర్ణయం మీద రచ్చ జరుగుతూనే ఉంది. మొత్తం యంత్రాలకే వదిలేస్తే ఈ బాధ పోదా?

పోదు. అంపైర్ పనిలో ఒక భాగం నిజంగానే యంత్రానికి అప్పజెప్పవచ్చు, అప్పజెబుతున్నారు కూడా. ఇంకో భాగాన్ని మనిషే వీడియో చూసి తేల్చాలి. మిగిలినదాంట్లో నియమమే మనిషి అంచనా మీద ఆధారపడి ఉంది. అక్కడ కెమెరా ఎంత మంచిదైనా అది చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి వాదించడం వల్లే సగం గొడవ.

ముందు తప్పు ఎలా జరుగుతుందో చూడాలి. బంతిని కొట్టిన బ్యాటర్ రన్నరై ముందుగా ఫస్ట్ బేస్‌కి పరుగెత్తాలి, అతని కంటే ముందే బంతి అక్కడున్న ఫీల్డర్‌కి అందితే ఔట్. ఆ ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్ కళ్లు బేస్ మీద, చెవులు గ్లోవ్ మీద ఉంటాయి. రన్నర్ కాలు బేస్‌కి తగలడం కంటితో చూస్తాడు, బంతి తోలు గ్లోవ్‌లో పడిన చప్పుడు చెవితో పట్టుకుంటాడు. ఏది ముందో దాన్ని బట్టి సేఫ్ లేదా ఔట్. ఇన్‌ఫీల్డర్ దూరం నుంచి బలంగా విసిరిన త్రోలకు ఈ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. స్టేడియం హోరెత్తిపోతున్నప్పుడు దెబ్బతింటుంది. పిచర్ (బంతి వేసేవాడు) పరుగెత్తుకొచ్చి బేస్ కవర్ చేస్తూ, దగ్గర్నుంచి మెల్లగా వేసిన బంతిని అందుకున్నప్పుడు మరీ దెబ్బతింటుంది. మెత్తగా వచ్చిన బంతికి చప్పుడుండదు. గ్లోవ్ వైపు చూస్తే కాలు కనబడదు, కాలు చూస్తే గ్లోవ్ కనబడదు.

అందరూ ఎక్కువగా చెప్పుకునే రెండు తప్పులూ సరిగ్గా ఈ రకం ఆటలోనే జరిగాయి.

మొదటిది 1985 అక్టోబర్ 26న, కాన్సస్ సిటీలో, వరల్డ్ సిరీస్ (నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకి టైటిల్ దక్కే ఫైనల్) ఆరో మ్యాచ్‌లో. సెయింట్ లూయిస్ కార్డినల్స్ సిరీస్‌లో 3-2తో, మ్యాచ్‌లో 1-0తో ముందున్నారు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్ రెండో సగం, అంటే సొంతగడ్డ జట్టు కాన్సస్ సిటీ రాయల్స్ బ్యాటింగ్ వంతు. రాయల్స్ బ్యాటర్ హోర్హే ఓర్టా కొట్టిన గ్రౌండర్‌ను (నేలమీద దొర్లే బంతిని) ఫస్ట్ బేస్‌మన్ జాక్ క్లార్క్ అందుకుని, బేస్ మీదికి వచ్చిన పిచర్ టాడ్ వొరెల్‌కి వేశాడు. ఓర్టా స్పష్టంగా ఔట్. అంపైర్ డాన్ డెంకింగర్ సేఫ్ అన్నాడు. రాయల్స్ ఆ మ్యాచ్ 2-1తో, మర్నాడు ఏడో మ్యాచ్ 11-0తో గెలిచి టైటిల్ ఎత్తుకుపోయారు. ఆ ఒక్క నిర్ణయమే కార్డినల్స్‌ను ముంచిందనడం మాత్రం సరికాదు. ఆ తర్వాత క్లార్క్ ఒక సులువైన ఫౌల్ క్యాచ్ వదిలేశాడు, క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చునే, వికెట్ కీపర్ లాంటివాడు) చేతిలోంచి ఒక బంతి జారిపోయి రన్నర్లు ముందుకెళ్లారు. అసలు ఓర్టా పరుగే చేయలేదు, థర్డ్ బేస్ దగ్గర ఔటయ్యాడు. అయితే ఔట్లు తక్కువ పడటంతో ఇన్నింగ్ నడక మొత్తం మారిపోయిందన్నది నిజం.

రెండోది 2010 జూన్ 2న, డెట్రాయిట్‌లో. టైగర్స్ పిచర్ ఆర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ బ్యాటర్లను వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. 27వ వాడు కూడా ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని మ్యాచ్. జేసన్ డోనాల్డ్ కొట్టిన బంతిని మిగెల్ కాబ్రెరా అందుకుని, ఫస్ట్ బేస్ మీదికి వచ్చిన గలరాగాకే వేశాడు. జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసి తన తప్పని బాహాటంగా ఒప్పుకున్నాడు. కమిషనర్ బడ్ సెలిగ్ ఆ నిర్ణయాన్ని మార్చలేదు. ఆనాటి నియమాల ప్రకారం ఫస్ట్ బేస్ దగ్గర నిర్ణయాన్ని వీడియోలో చూసే దారే లేదు, ఎందుకంటే 2008 ఆగస్టు 28న మొదలైన రీప్లే హోమ్ రన్లకే పరిమితం. బంతి కంచె దాటిందా, ప్రేక్షకుడు చెయ్యి పెట్టాడా లాంటివే చూసేవారు.

ఆ తొలి విధానానికి ఇంకో లోపం కూడా ఉండేది. అంపైర్లు మైదానం వదిలి స్టేడియం లోపలి గదిలో తెర ముందు నిలబడి, తమ నిర్ణయాన్ని తామే పరీక్షించుకునేవారు. 2013 మేలో క్లీవ్‌లాండ్‌లో ఓక్లాండ్ ఆటగాడు ఆడమ్ రోసేల్స్ కొట్టిన బంతి గోడపైని రెయిలింగ్‌కి తగిలి వెనక్కొచ్చింది. అంపైర్లు వీడియో చూసి కూడా హోమ్ రన్ ఇవ్వలేదు. మర్నాడు లీగే అది తప్పని ప్రకటించింది. తీర్పు ఇచ్చినవాడే అప్పీలు వినకూడదన్న పాఠం అక్కడ అందరికీ కళ్లకు కట్టింది. 2014లో రీప్లేని విస్తరించినప్పుడు నిర్ణయాన్ని న్యూయార్క్‌లోని కేంద్రానికి తరలించారు. అక్కడ కూర్చునేదీ మేజర్ లీగ్ అంపైర్లే, వంతులవారీగా వస్తారు.

ఇప్పుడు జరిగే పద్ధతి ఇది. సందేహం రాగానే మేనేజర్ (జట్టును నడిపే కోచ్) డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) మెట్ల మీంచి చెయ్యెత్తి ఆపమంటాడు. అప్పట్నుంచి 15 సెకన్లు. ఈలోపు జట్టు వీడియో గదిలో ఉన్న మనిషి రీప్లేలు చూసి డగౌట్‌కి ఫోన్‌లో అవుననో కాదనో చెబుతాడు. ఛాలెంజ్ చేస్తే క్రూ చీఫ్ (ఆ మ్యాచ్ అంపైర్ల పెద్ద) హెడ్‌సెట్ పెట్టుకుంటాడు, న్యూయార్క్‌లో అన్ని కెమెరాల దృశ్యాలూ చూసి చెబుతారు, 2022 నుంచి క్రూ చీఫ్ దాన్ని మైకులో స్టేడియం అంతటికీ వినిపిస్తాడు. మ్యాచ్‌కి ఒక్కో జట్టుకీ ఒక ఛాలెంజ్, ప్లేఆఫ్స్‌లో రెండు. నెగ్గితే చేతిలోనే ఉంటుంది, ఓడితే పోతుంది. ఎనిమిదో ఇన్నింగ్ నుంచి క్రూ చీఫ్ తనంతట తానే రివ్యూ కోరవచ్చు. అందుకే ఆరు, ఏడు ఇన్నింగ్స్‌లో మేనేజర్లు కాస్త ధైర్యంగా ఛాలెంజ్ వాడటం చూస్తారు. ఆ తర్వాత దాచుకుని లాభం తక్కువ. రీప్లే ఫలితం వచ్చాక దాని మీద వాదిస్తే మేనేజర్‌ను మైదానం నుంచి బయటికి పంపేస్తారు.

ఈ 15 సెకన్ల సంఖ్య మామూలుగా రాలేదు. మొదట్లో మేనేజర్లు తాపీగా మైదానంలోకి నడిచి వెళ్లి, అంపైర్‌తో కబుర్లు చెబుతూ, వీడియో గది నుంచి సైగ వచ్చేదాకా కాలయాపన చేసేవారు. 2015లో నడిచి వెళ్లడం తీసేశారు. 2017లో 30 సెకన్ల గడువు పెట్టారు. తర్వాత అది 20కి, 2023లో 15కి దిగింది.

ఇక వీడియోకున్న పరిమితి. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. మేజర్ లీగ్ రన్నర్ పూర్తి వేగం సగటున సెకనుకు 27 అడుగులు. సెకనుకు 60 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ మధ్య అతను 5.4 అంగుళాలు కదులుతాడు. గంటకు 80 మైళ్ల వేగంతో వచ్చే త్రో అదే వ్యవధిలో దాదాపు రెండడుగులు ప్రయాణిస్తుంది. ఒక ఫ్రేములో కాలు గాలిలో ఉండి బంతి గ్లోవ్ బయట ఉంటే, తర్వాతి ఫ్రేములో కాలు బేస్ మీదా బంతి గ్లోవ్ లోపలా ఉంటే, మధ్యలో ఏం జరిగిందో ఆ కెమెరా చెప్పలేదు. ఎక్కువ ఫ్రేములు తీసే స్లో మోషన్ కెమెరా సరైన కోణంలో ఉంటే గండం గట్టెక్కుతుంది. లేకపోతే కాలిని చూపే కెమెరానీ గ్లోవ్‌ని చూపే కెమెరానీ ఒకే క్షణానికి కలిపి చూడాలి. దానికి తోడు గ్లోవ్ వెనకవైపు నుంచి తీస్తే బంతి లోపల పడిన క్షణమే కనబడదు.

అందుకే ఫలితం మూడు రకాలుగా వస్తుంది. కన్ఫర్మ్‌డ్ అంటే అంపైర్ చెప్పింది సరైనదని వీడియోలో రుజువైంది. ఓవర్‌టర్న్‌డ్ అంటే తప్పని రుజువైంది. స్టాండ్స్ అంటే రెండూ రుజువు కాలేదు, కాబట్టి మైదానంలో చెప్పిందే నిలుస్తుంది. టీవీ ముందు కూర్చున్నవారు మూడోదాన్ని అంపైర్లు ఒకరినొకరు వెనకేసుకొచ్చారని అనుకుంటారు. నిజానికి అక్కడ కావలసింది స్పష్టమైన, నమ్మదగిన ఆధారం. బహుశా ఔటేమో అన్నంత మాత్రాన నిర్ణయం మారదు. నా దృష్టిలో ఈ కొలమానం సరైనదే. దాన్ని సడలిస్తే మైదానంలో ఒకరి అంచనా పోయి న్యూయార్క్‌లో ఇంకొకరి అంచనా వస్తుంది, అంతకంటే మారేదేమీ లేదు.

అన్నిటినీ రివ్యూ చేయరు. ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల చుట్టుపక్కల) గీత పక్కన నేల తాకిన బంతి ఫెయిరా (గీత లోపలా) ఫౌలా (బయటా) అన్నది రీప్లే పరిధిలో లేదు. బేస్ అంపైర్ నిలబడిన చోటు దాటి పడిన బంతులనే చూస్తారు. విన్నవారికి ఇది అన్యాయంగా తోస్తుంది కానీ కారణం బలమైనది. ఫౌల్ అన్న మాట అంపైర్ నోట రాగానే ఆట ఆగిపోతుంది, ఫీల్డర్లు వదిలేస్తారు, రన్నర్లు నిలబడిపోతారు. తర్వాత అది ఫెయిర్ అని తేలితే ఎవరు ఏ బేస్ దాకా వెళ్లేవారు? ఆ బంతిని థర్డ్ బేస్‌మన్ పట్టి ఔట్ చేసేవాడా? జరగని ఆటను ఊహించి రాయాలి. ఔట్‌ఫీల్డ్‌లో అయితే ఆ ఊహ కొంత సులువు.

2009 అక్టోబర్ 9న యాంకీ స్టేడియంలో ప్లేఆఫ్ మ్యాచ్ 11వ ఇన్నింగ్‌లో మినెసోటా ఆటగాడు జో మావర్ కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డర్ గ్లోవ్‌కి తగిలి, గీతకు సుమారు అడుగు లోపల పడి, ఎగిరి ప్రేక్షకుల్లోకి వెళ్లింది. కొద్ది అడుగుల దూరంలో ఉన్న అంపైర్ ఫిల్ కజ్జీ ఫౌల్ అన్నాడు. ఇవాళైతే రీప్లేలో రెండు నిమిషాల పని, మావర్ సెకండ్ బేస్ మీద ఉండేవాడు. ఆ ఇన్నింగ్ రెండో సగంలో యాంకీస్ హోమ్ రన్‌తో గెలిచారు.

రన్నర్లను ఎక్కడ నిలబెట్టాలన్న సమస్య ఔట్‌ఫీల్డ్ క్యాచ్‌లలోనూ ఉంది. క్యాచ్ అని చెప్పినది నేలకు తగిలిందని తేలితే, తొలి నిర్ణయం సరిగ్గా ఇచ్చివుంటే ఎవరు ఎక్కడుండేవారో రీప్లే అధికారి అంచనా వేసి నిలబెడతాడు. రన్నర్ వేగం, ఫీల్డర్ చేతి బలం, ఔట్ల సంఖ్య అన్నీ ఆ అంచనాలోకి వస్తాయి. కాబట్టి రీప్లే తర్వాత కూడా మనిషి తీర్పు మిగిలే ఉంది.

ఇప్పుడు అసలు చర్చ. రీప్లే పాత నియమాలను పాతలాగే ఉంచి తప్పులు మాత్రం తీసేయలేదు. నియమాన్నే కదిపింది.

2014 సీజన్ మొదటి వారాల్లో ఫీల్డర్ బంతిని శుభ్రంగా పట్టి, గ్లోవ్‌లోంచి చేతిలోకి తీసుకుంటూ జారవిడిస్తే వీడియో చూసి క్యాచ్ కాదనడం మొదలైంది. అంతకుముందు దశాబ్దాలుగా దాన్ని ఔటే అనేవారు. గగ్గోలు పుట్టి, ఏప్రిల్ 25న లీగ్ పాత అన్వయానికి తిరిగొచ్చింది. తర్వాత సెకండ్ బేస్. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని ఔట్) చేసేటప్పుడు ఫీల్డర్ కాలు బేస్‌కి దగ్గర్లో ఉంటే చాలని, నిజంగా తగలకపోయినా ఔట్ ఇచ్చేవారు, మీదికి జారివచ్చే రన్నర్ నుంచి కాళ్లు కాపాడుకోవడానికి. దీన్ని నైబర్‌హుడ్ ప్లే అంటారు. మొదట్లో అది రీప్లేకి అతీతం. 2015 అక్టోబర్ 10న డాడ్జర్స్ ఆటగాడు చేజ్ అట్లీ జారివచ్చి గుద్దుకోవడంతో మెట్స్ షార్ట్‌స్టాప్ రూబెన్ తెహాడా కాలు విరిగింది. పైగా అంపైర్లు దాన్ని నైబర్‌హుడ్ ప్లేగా లెక్కించలేదు, దాంతో రీప్లేలో అట్లీనే సేఫ్ అన్నారు, తెహాడా కాలు బేస్‌కి తగల్లేదు కాబట్టి. 2016లో రన్నర్ ఎలా జారాలో నియమం రాసి, నైబర్‌హుడ్ ప్లేని రివ్యూ కిందికి తెచ్చారు. రెండూ కలిపి చేయడం మంచి పని. ఫీల్డర్‌కి రక్షణ ఇవ్వకుండా కెమెరా ఒక్కటే తెచ్చివుంటే ఇంకా కాళ్లు విరిగేవి.

ఇంకా తేలని విషయం, బేస్ మీంచి ఒక్క క్షణం లేచిన శరీరం. రన్నర్ సెకండ్ బేస్ దొంగిలిస్తాడు (బ్యాటర్ బంతి కొట్టకుండానే అక్కడికి పరుగెత్తుతాడు), బంతికంటే ముందే చేరతాడు, జారిన ఊపులో కాలు అరంగుళం పైకి లేస్తుంది. ఆ సమయానికి బంతి ఉన్న ఫీల్డర్ గ్లోవ్ అతని తొడ మీద ఆనే ఉంటే నియమం ప్రకారం ఔట్. మామూలు కంటికి ఇది దాదాపుగా కనబడదు, అందుకే రీప్లేకి ముందు దీన్ని ఔట్ అనడం అరుదు. ఇప్పుడు ఫీల్డర్లు కావాలనే గ్లోవ్ ఆనించి ఉంచుతున్నారు. నా మాట సూటిగా చెబుతాను. జాయిస్, డెంకింగర్ తప్పుల వంటివి సరిదిద్దడానికి తెచ్చిన పరికరాన్ని ఇలా వాడటం తగదు. బేస్ అందుకున్నాక జారే ఊపులో కలిగే ఎడాన్ని రివ్యూ పరిధి నుంచి తీసేయాలి. ఎదుటివారి వాదనలోనూ పస ఉంది. ఊపు ఎక్కడ ఆగిందో, రన్నర్ బేస్ దాటి వెళ్లిపోవడం ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. అయినా గడుసు నియమంకంటే కష్టమైన నియమం నయం.

వీడియో గది వల్ల వచ్చిన మరో అనర్థం కూడా చెప్పాలి. ఛాలెంజ్ కోసం ప్రతి జట్టుకీ ప్రత్యక్ష దృశ్యాలు అందే గది ఏర్పడింది. దాంతో ఏ బంతి వేయాలో పిచర్‌కి చెప్పే ప్రత్యర్థి క్యాచర్ సైగలు చదవడం మొదలెట్టారు. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ చేసిన సైగల దొంగతనంపై 2020 జనవరిలో 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. జనరల్ మేనేజర్, మేనేజర్ ఇద్దరూ ఏడాదిపాటు సస్పెండయ్యారు.

స్ట్రైక్ జోన్ సంగతికొస్తే, ఇక్కడ మాత్రం యంత్రానికే నా ఓటు. జోన్ అంటే బ్యాటర్ పక్కన నేలమీదున్న ప్లేట్‌కి పైన ఊహించుకునే చట్రం. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి దాని గుండా వెళితే స్ట్రైక్, బయట వెళితే బాల్. మూడు స్ట్రైక్స్‌కి బ్యాటర్ ఔట్, నాలుగు బాల్స్‌కి అతనికి ఫస్ట్ బేస్ ఉచితం. గంటకు 95 మైళ్ల బంతి పిచర్ చెయ్యి వదిలాక దాదాపు 0.4 సెకన్లలో ప్లేట్ చేరుతుంది. క్యాచర్ గ్లోవ్‌ని నేర్పుగా లోపలికి లాగి స్ట్రైక్ అనిపిస్తాడు. బ్యాటర్లు వదిలేసిన బంతుల్లో నూటికి 94 వరకు మేజర్ లీగ్ అంపైర్లు సరిగ్గా చెబుతారు. మ్యాచ్‌కి 150 దాకా అలాంటి బంతులు ఉంటాయి కాబట్టి తొమ్మిదో పదో తప్పులు మిగులుతాయి. పైగా ఆ తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు. మూడు బాల్స్ ఉన్నప్పుడు అంపైర్ జోన్ కొంచెం పెరుగుతుంది, రెండు స్ట్రైక్స్ ఉన్నప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. బ్యాటర్‌ను ఆ ఒక్క బంతితో తేల్చేయడానికి మనిషి మనసు తటపటాయిస్తుంది.

దీనికి ఏబీఎస్ (ఆటోమేటెడ్ బాల్-స్ట్రైక్) అనే కెమెరా వ్యవస్థను 2019లో అట్లాంటిక్ లీగ్‌లో, తర్వాత మైనర్ లీగ్‌ల్లో పరీక్షించారు. 2023లో మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కిందిదైన ట్రిపుల్-ఏ స్థాయిలో కొన్ని రోజులు అన్ని బంతులనూ యంత్రమే తేల్చింది, మిగిలిన రోజులు ఛాలెంజ్ పద్ధతి నడిచింది, అంటే అంపైరే చెబుతాడు, ఆటగాడు అడిగిన బంతిని మాత్రమే యంత్రం తేలుస్తుంది. ఛాలెంజ్ పద్ధతే ఎక్కువమందికి నచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఆమోదం పొంది 2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌కి ఖరారైందీ అదే. జట్టుకి రెండు ఛాలెంజ్‌లు, నెగ్గితే మిగులుతాయి. బ్యాటర్, పిచర్, క్యాచర్ మాత్రమే వెంటనే టోపీ లేదా హెల్మెట్ తట్టి అడగాలి. డగౌట్ నుంచి సాయం నిషిద్ధం. 2025 స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సన్నాహక మ్యాచ్‌ల) పరీక్షలో మ్యాచ్‌కి సగటున నాలుగు ఛాలెంజ్‌లు వచ్చాయి, ఒక్కోదానికి 14 సెకన్లు కూడా పట్టలేదు, సగానికి కాస్త ఎక్కువ నెగ్గాయి. క్యాచర్ల అంచనా అందరికంటే మెరుగు, పిచర్లది అధ్వానం. మెడ వంచి బంతి వదిలేవాడికి ప్లేట్ అంచు సరిగా కనబడదు కదా.

క్రికెట్ చూసేవారికి ఒక తేడా వెంటనే తడుతుంది. హాక్-ఐ కెమెరాలు రెండు ఆటల్లోనూ ఉన్నాయి, కానీ ఇక్కడ అంపైర్స్ కాల్ లేదు. ఎల్బీడబ్ల్యూలో బంతి ప్యాడ్‌కి తగిలి ఆగిపోతుంది, ఆపైన అది ఎటు వెళ్లేదో లెక్కగట్టాలి. ఊహకు కొంత వెసులుబాటు ఇవ్వడం అక్కడ న్యాయం. బేస్‌బాల్లో బంతి నిజంగానే ప్లేట్ మీదుగా వెళుతుంది, వెళ్లిన చోటునే కొలుస్తారు. అంచును వెంట్రుకవాసి తాకినా స్ట్రైకే.

అలాగని ఏబీఎస్ జోన్, నియమావళి జోన్ ఒకటే అనుకోవద్దు. నియమంలో జోన్‌కి లోతు ఉంది, ప్లేట్ ముందంచు నుంచి వెనకదాకా ఎక్కడ తాకినా స్ట్రైక్. ఏబీఎస్ ప్లేట్ మధ్యలో నిలబెట్టిన ఒకే తలాన్ని చూస్తుంది. వెడల్పు 17 అంగుళాలు, పైఅంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కిందిఅంచు 27 శాతం. 6 అడుగుల 7 అంగుళాల ఆరన్ జడ్జ్‌కి అది సుమారు 21.3 నుంచి 42.3 అంగుళాల దాకా, 5 అడుగుల 6 అంగుళాల వాడికి 17.8 నుంచి 35.3 దాకా వస్తుంది. ముందంచులో మోకాలి దగ్గర జోన్‌ని తాకి, మధ్యకొచ్చేసరికి కిందికి జారిపోయే కర్వ్‌బాల్ పుస్తకం ప్రకారం స్ట్రైక్, ఏబీఎస్ ప్రకారం బాల్. ఇది లోపం కాదు, తెలిసి చేసిన ఎంపిక. నేల రాసుకుంటూ వచ్చిన బంతిని స్ట్రైక్ అంటే ఏ బ్యాటరూ ఒప్పుకోడు.

చివరగా మీరు టీవీలో చూసి విసుక్కునే చెక్ స్వింగ్. బ్యాట్ ఊపబోయి ఆపుకున్నాడా, ఊపేశాడా (ఊపి తప్పితే జోన్ బయటి బంతైనా స్ట్రైకే) అన్నదానికి రీప్లే లేదు. ఎందుకంటే నియమావళిలో కోణం గానీ గీత గానీ రాసిలేదు, కొట్టే ప్రయత్నం చేశాడా అన్నదే ప్రశ్న. కొలవడానికి ముందు దేన్ని కొలవాలో నిర్ణయించాలి. మైనర్ లీగ్ పరీక్షల్లో ఇటీవల 45 డిగ్రీల గీత పెట్టి చూశారు, బ్యాట్ దాన్ని దాటితే స్వింగ్ అని. బ్యాటర్లకు ఇది ఉదారమైన గీత, మైదానంలో అంపైర్లు ఇంతకంటే ముందే స్వింగ్ అంటారు. ఆ అంకెను మేజర్ లీగ్‌కి తేవాలంటే ముందుగా పిచర్లు ఒప్పుకోవాలి. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్స్‌తో వచ్చే ఔట్లు) తగ్గేది వాళ్ల లెక్కలోనే.